చెంబులో పసుపు నీళ్లు

మా మావ అసిరయ్య అంత మంచి మనిషి ఈ చుట్టుపక్కల లేడని ఊరూరా చెప్పుకు తిరిగింది నేనే. ఇంకెవరో చెబితే ఆ మాటకు అంత విలువ ఉండేది కాదు. బొబ్బిలిలో బాప్టిస్టు చర్చి పక్కన పుట్టి పెరిగి, అమ్మవారికి మొక్కే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. అందుకని నేను చెబితే జనం ఆగి మరీ వినేవారు.

మాది జీళ్ల ఇల్లు. గజపతినగరం దాటాక రోడ్డు పక్కన కొట్టు, కొట్టు వెనక పొయ్యి, పొయ్యి వెనక మేము. బెల్లం పాకాన్ని బాగా ముదరనిచ్చి, బండ మీద పోసి, చల్లారీ చల్లారకుండానే గోడకున్న ఇనప కొక్కేనికి తగిలించి లాగాలి. లాగగా లాగగా నల్లటి ముద్ద కాస్తా బంగారు రంగుకి తిరుగుతుంది. దాన్ని నువ్వుల్లో దొర్లించి ముక్కలు కోస్తే జీళ్లు. నేను రాకముందు వీళ్లు జాతరలకి గంపలు నెత్తిన పెట్టుకుని వెళ్లి అమ్ముకునేవారు. ప్యాకెట్లు పెట్టించింది నేను. ఫోన్లో ఆర్డర్లు తెచ్చింది నేను. విశాఖపట్నంలో కొట్టు కొట్టుకీ తిరిగి, ఒక్క ముక్క రుచి చూడండి బాబూ అని బతిమాలింది నేను. ప్యాకెట్ మీద "మూడు తరాల నమ్మకం" అని అచ్చు వేయించింది కూడా, ఖర్మ కాలి, నేనే.

మావకి కొన్ని పట్టింపులున్నాయి. రంగు రావడానికి మందు కలిపిన బెల్లాన్ని గుమ్మం ఎక్కనివ్వడు. మెత్తబడిన సరుకు పావలాకి కూడా అమ్మనివ్వడు. ఆకలితో వచ్చినవాడికి ముందు చేతిలో రెండు ముక్కలు పెట్టాకే ఏం కావాలని అడుగుతాడు. అన్నిటికన్నా పెద్ద పట్టింపు రాగి చెంబు. పాకం ఉడుకు పట్టగానే, పక్కనే పెట్టుకున్న ఆ చెంబులోంచి వేపరెమ్మ వేసిన పసుపు నీళ్లు కాసిని పాకంలో ఒంపి, కళ్లు మూసుకుని అమ్మవారిని తలచుకుంటాడు. ఆ చెంబు నింపేది ఆయనే, కడిగేది ఆయనే.

నేను మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్న రోజు ఆ చెంబుని చూసి బిగుసుకుపోయాను. మా ఇంట్లో అలాంటివి ముట్టుకోం. ముట్టనంటే ఏమంటాడో, ముడితే మా అమ్మ ఏమంటుందో. మావ నా మొహం చూసి నవ్వాడు.

"నువ్వా సెంబు జోలికి రానక్కర్లేదు తల్లీ. నీ దేవుడు నీకున్నాడు గదా, ఆయన్నే తలుసుకో. పాకానికేటి తెలుస్తాది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే మా అమ్మ ఎలీసమ్మకి ఫోన్ చేసి చెప్పాను. నా పెళ్లికి రాని మనిషి ఆవిడ.  "అంతటి మనిషా?" అంది. ఆ నెలలోనే మొదటిసారి మా ఇంటికి వచ్చింది. పసుపు నీళ్లు పడ్డాయని జీళ్లు మాత్రం నోట పెట్టలేదు గానీ, రావడమైతే వచ్చింది. నాకు అదే పదివేలు.

అన్నీ బాగానే ఉన్నాయి, నా చేతికి పాకం మాత్రం రాలేదు. మావ చేసినట్టే చేసేదాన్ని. అదే బెల్లం, అదే కళాయి, అదే మంట. చెంబు ఒక్కటి వదిలి, ప్రార్థన చేసుకుని దించేదాన్ని. మొదటి రోజు జీళ్లు చక్కగా ఉండేవి. నాలుగైదు రోజులు పోయాక చూస్తే లోపల పలుకు కట్టి, కొరికితే ఇసకలా రాలేవి.

"సెయ్యి గుణమమ్మా," అనేవాడు మావ జాలిగా. "కొందరికి రాదు. మీ అత్తకీ రానేదు."

"నాకు రాంది నీకొస్తాదేటి?" అని అత్త జగ్గమ్మ నవ్వేది. ఆవిడ ఈ ఇంటికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నువ్వులు చెరగడం, ముక్కలు కోయడం తప్ప పొయ్యి ముందు కూర్చునేది కాదు. చివరికి నేనూ పొయ్యి వదిలేసి అమ్మకాల్లో పడ్డాను.

ఈ ఏడాది వేసవిలో రెండు పనులు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఐదేళ్లకోసారి చేసే మా ఊరి అమ్మవారి పండగ ఒకటి. విశాఖపట్నంలో ఓ పెద్ద మిఠాయి కొట్టు వాళ్లు, నేను కాళ్లరిగేలా తిరిగితే, సరే చూద్దాం అని మొదటి సరుకు అడగడం ఇంకోటి. సరిగ్గా అప్పుడే మావ కంట్లో శుక్లం ముదిరింది. విజయనగరంలో ఆపరేషన్ చేసి, పొగ తగలకూడదు, పొయ్యి దగ్గరకి పోకూడదు అన్నారు. ఆయనకి తోడుగా మా ఆయన ధనరాజ్ అక్కడే ఉండిపోయాడు. కొట్టువాళ్లు సరుకేదమ్మా అని ఒకటే ఫోన్లు.

పొయ్యి నేనే వెలిగించాను. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేశాను. ఆ రోజు నా జీళ్లు చూస్తే మీరు కూడా అసిరయ్య చేసినవే అనేవారు. ధనరాజ్‌కి ఫోటో పంపిస్తే "బాగున్నాయే" అని రాశాడు. కాసేపాగి ఫోన్ చేసి, "నాన్న వచ్చీదాకా ఆగలేవా?" అన్నాడు. వాళ్లు ఆగడం లేదయ్యా అన్నాను. "సరే మరి, నీ ఇష్టం" అని పెట్టేశాడు. బస్సులో వేసి పంపించాను.

వారం తిరక్కుండా అట్టపెట్టెలన్నీ అదే బస్సులో తిరిగి వచ్చాయి. "ఇవి జీళ్లా, ఇసకా? కొన్నవాళ్లు మా మొహాన కొడుతున్నారు," అన్నాడు కొట్టాయన. ఇంక ఫోన్ చెయ్యొద్దన్నాడు. రెండేళ్ల నా తిరుగుడు రెండు నిమిషాల్లో అయిపోయింది.

అప్పటికి మావని తీసుకుని ఇంటికొచ్చేసిన ధనరాజ్ ఒక ప్యాకెట్ చించి, ముక్క విరిచి, నోట్లో వేసుకుని నమిలాడు. నేల వైపు చూస్తూ నమిలాడు. నేను అట్టపెట్టెల మధ్య కూలబడి ఏడుస్తున్నాను.

"ఏడవకే బేబీ," అన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి నా మొహం తుడిచాడు. "నువ్వు మాత్రం ఏటి సేస్తావు? సెయ్యి గుణం. దేవుడిచ్చింది అంతే."

ఎంత మంచి మొగుణ్ణి ఇచ్చావు ప్రభువా అనుకున్నాను ఆ క్షణంలో. ఇంత నష్టం చేస్తే ఒక్క మాట అనలేదు!

పండగ దగ్గర పడింది. వీధుల్లో పందిళ్లు లేచాయి. అత్తవారిళ్ల నుంచి ఆడపిల్లలు పిల్లాజెల్లాతో దిగుతున్నారు. తప్పెటగుళ్ల వాళ్లు పొద్దున్నుంచే వాయించి చూసుకుంటున్నారు. పండగకి ఊరంతటికీ జీళ్లు మావే. మావ వసారాలో నల్లద్దాలు పెట్టుకుని మంచమ్మీద, ఆయన బదులు చెంబు పెట్టుకుని ధనరాజ్ పొయ్యి దగ్గర, నేను కొక్కెం దగ్గర.

ఆ మధ్యాహ్నం ధనరాజ్ కంగారులో ఉన్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పందిరి వాడితో మాట్లాడుతూనే చెంబులో నీళ్లు పాకంలో ఒంపాడు. కళ్లు మూసుకోనూ లేదు, అమ్మవారిని తలచుకోనూ లేదు. అది కూడా నేను పట్టించుకోలేదు. కళాయి ఎత్తి బండ మీద పోస్తుంటే పాకం ఎగిరి నా వేళ్ల మీద పడింది. కాగిన పాకం అంటుకుపోతుంది, వదలదు. దగ్గర్లో ఉన్న నీళ్లు ఆ చెంబులోవే. చేయి అందులో ముంచేశాను.

"అందులో ఎట్టకే!" అని అరిచాడు ధనరాజ్.

అమ్మవారి నీళ్లు మైల చేశానని నాకే సిగ్గేసింది. "సూసుకోనేదయ్యా," అంటూ చేయి బయటకి లాగి, మంటకి తాళలేక వేళ్లు నోట్లో పెట్టుకున్నాను.

ముందు పసుపు వాసన. ఆ తరవాత వేపచేదు. ఆ చేదు కింద పులుపు.

చింతపండు పులుపు. రోజూ కూరలో పులుసు పోసే మనిషికి ఆ రుచి ఎవరూ చెప్పక్కర్లేదు. చెంబులోకి చూశాను. లోపలంతా తళతళలాడుతోంది. మావ భక్తిగా తోముకుంటాడు కాబోలు అనుకునేదాన్ని ఇన్నాళ్లూ.

ధనరాజ్ ఫోన్ దించాడు. అవతల పందిరి వాడు హలో హలో అంటున్నాడు.

"పాకం గట్టిపడిపోతన్నాది," అన్నాడు ధనరాజ్. "లాగు."

లాగాను. ఆ ముద్ద నల్లదనం పోయి బంగారు రంగు వచ్చేదాకా లాగాను. నువ్వుల్లో దొర్లించాను, ముక్కలు కోశాను, డబ్బాలో సర్దాను. చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు అడిగాను.

"ఇదేనా నా సెయ్యి గుణం?"

"నాన్న ఒట్టేయించుకున్నాడే," అన్నాడు. "అమ్మోరి మీద. పులుపు పడితే పాకం పలుకు కట్టదు. అంతే, ఇంకేటీ నేదు అందులో."

"అంతేనా?"

"అంతే."

"మరి పెట్టెలు తిరిగొచ్చిన్నాడు?"

"ఒట్టు కదే."

"ఆర్డరు పోయినా పర్లేదు, నా పరువు పోయినా పర్లేదు. నేను ఏడుస్తుంటే తువ్వాలెట్టి తుడిసినావు కదయ్యా. నోట్లో ఆ ఇసక నములుతూ తుడిసినావు."

 నేను చేసినన్ని సార్లూ, పాడైనన్ని సార్లూ ఇతను పక్కనే ఉన్నాడు. తొమ్మిదేళ్లు ఒకే కంచంలో తిన్నాం. కొంచెం చింతపండు వెయ్యవే అనడానికి ఈ మనిషికి నోరు రాలేదు. కోపం కన్నా ముందు నాకు భయం వేసింది, ఎవరితో కాపురం చేస్తున్నానా అని.

వసారాలో అత్త మావ కంట్లో మందు చుక్క వేస్తోంది. నేను మంచం దగ్గరకి వెళ్లి నిలబడ్డాను.

"మావా, సెంబులో సింతపండు ఎందుకేస్తన్నావు?"

ఆయన ఉలిక్కిపడలేదు. మెల్లగా లేచి కూర్చున్నాడు.

"తెలిసిపోనాదా," అన్నాడు. "నీ మీద కోపం నేదు తల్లీ. నా తమ్ముడికి సేతులారా నేర్పితే ఆడు బొబ్బిల్లో కొట్టెట్టి నాకే పోటీకొచ్చాడు. అప్పట్నుంచి కొడుక్కి తప్ప ఎవులికీ సెప్పకూడదనుకున్నాను."

"నేనెక్కడికెల్లి కొట్టెడతాను మావా?"

"ఏమో. మీది ఇష్టపడి సేసుకున్న పెళ్లి. ఉంటావో, మనసిరిగి ఎల్లిపోతావో ఎవులు సూసొచ్చారు?"

"ఈ కొట్టు నాదే అన్నావు. నా వల్లే పేరొచ్చిందని పదిమందిలో అన్నావు."

"పేరు నీ వల్లే వచ్చింది, కాదన్ను. పాకం మాత్రం ఇంటిది."

ఇంటిది. మరి నేనెవరి దాన్ని? అడగలేదు. అంతకన్నా ముందు అడగాల్సిన మాట ఇంకోటి ఉంది.

"నీ దేవుడు నీకున్నాడన్నావు. సెంబు ముట్టక్కర్లేదన్నావు."

మావ నల్లద్దాలు సర్దుకున్నాడు. "ఏదో ఒకటి సెప్పాలి గదమ్మా," అన్నాడు.

కొడితే ఓర్చుకునేదాన్ని. నా నమ్మకం మీద అంత గౌరవం చూపించాడని నేను నెత్తిన పెట్టుకున్న మాట, ఆయనకి ఏదో ఒకటి. ఆ మాట చెప్పే కదా మా అమ్మను ఈ గడప తొక్కించాను. ఆ మాట కోసమే కదా ఈ ఇంట్లో ఎన్ని పడ్డా నవ్వుతూ పడ్డాను. నా దేవుణ్ణి తాళంకప్పలా వాడుకున్నాడు ఈ పెద్దమనిషి.

అత్త చేతిలో మందు సీసా అలాగే ఉంది.

"మరి నాకేటి సెప్పినావు?" అంది మెల్లగా. "ముట్టయ్యే ఆడది అమ్మోరి సెంబు తాకకూడదన్నావు. ఆ ముట్లు ఆగిపోయి ఎన్నేళ్లయినాది? అప్పుడైనా సెప్పినావా?"

"ఇప్పుడవన్నీ ఎందుకే?"

"నాది పాడు సెయ్యి అని మా పుట్టింట్లో కూడా నేనే సెప్పుకున్నాను. మా అమ్మ అదే బెంగతో పోనాది."

 అత్త సీసాకి మూత బిగించి ఆయన ఒళ్లో పడేసింది. "ఇంకో సుక్క నువ్వే ఏసుకో," అని లోపలికి వెళ్లిపోయింది.

"సరే, అయిపోయిందేదో అయిపోయింది," అన్నాడు మావ నాతో. "కొలత సెప్తాను, నేర్సుకో. బయట ఎవులికీ సెప్పకు."

"నాకొద్దు," అన్నాను.

బట్టలు సర్దుకున్నాను. సంచీ గుమ్మం దాకా కూడా తెచ్చాను. కానీ ఎక్కడికి? బొబ్బిలి వెళితే అమ్మ ఎందుకొచ్చావని అడుగుతుంది. చెబితే ఆవిడ మొదట్నుంచీ భయపడిందే నిజమని తేలుతుంది. పైగా నేను వెళ్లిపోతే, చూశారా, ఎల్లిపోతాదని నేను ముందే అన్నాను అంటాడు మావ. ఆ సంతోషం ఆయనకి ఇవ్వబుద్ధి కాలేదు. సంచీ వెనక్కి తీసుకెళ్లి పెట్టేశాను. ధనరాజ్ అది చూసి ఊపిరి పీల్చుకున్నాడు. అతని కోసం ఆగాననుకున్నాడు పాపం.

మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించాను. అత్త వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆవిడ చేతిలో చింతపండు నానేసిన గిన్నె.

"పులుసు సంగతి నాకు మొగోడు సెప్పాలేటి?" అంది.

మొదటి వాయ పుల్లగా ఏడిసింది. రెండోది ముదరలేదు, జిగురు. ఇద్దరం కళాయి గోకి మళ్లీ మొదలెట్టాం. ఆ రోజు మేం లాగిన జీళ్లు డబ్బాలో పోసి అలమరలో పెట్టాను. ఐదు రోజులు పోయాక, పండగ రోజు పొద్దున్న తీసి విరిచి చూశాను. పలుకు లేదు. అద్దం ముక్కలా విరిగింది. అత్త ఒక ముక్క బుగ్గన పెట్టుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు సంతోషం రాలేదు. ఇంత సులువైనదా అనిపించి కడుపు మండింది.

పండగనాడు కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. మావ కుర్చీ వేయించుకుని, కొత్త పంచె కట్టుకుని, నల్లద్దాలతో దండాలు అందుకుంటున్నాడు. ధనరాజ్ కొక్కెం దగ్గర పాకం లాగుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. అత్త, నేను తూకాల దగ్గర ఉన్నాం. అప్పుడు జనాన్ని తోసుకుంటూ మా అమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచీ. ఆవిడ ఇలాంటి పండగలకి రాదు. పెట్టెలు తిరిగొచ్చిన రోజు ఫోన్లో నా ఏడుపు విని, అప్పట్నుంచి మనసాగక వచ్చిందట.

నన్ను చూసింది, తల నిమిరింది. కానీ నా దగ్గర ఆగలేదు. నేరుగా మావ కుర్చీ దగ్గరకి వెళ్లి చేతులు జోడించింది.

"అన్నయ్యగారూ, ఈ మాట మీకు ఎప్పుడో సెప్పాల్సింది. పెళ్లప్పుడు మిమ్మల్ని తిట్టుకున్నాను. మా పిల్ల నమ్మకానికి మీరు అడ్డం రానేదు. సెంబు ముట్టక్కర్లేదన్నారంట. మా సంఘంలో కూడా నిలబడి మీ గురించి సాక్ష్యం సెప్పాను."

నేను మావ మొహమే చూస్తున్నాను. ఒక్క మాట అంటాడేమోనని చూశాను. పోనీ, తల దించుకున్నా సరిపోయేది.

"అంత మాటెందుకమ్మా," అన్నాడు మావ చేతులు జోడించి, చిన్నగా నవ్వుతూ. "ఎవుల దేవుడు ఆళ్లకి."

నా చేతిలో తూకపురాయి ఉంది. అది ఎవరి మీదా విసరకుండా ఎలా ఉండగలిగానో నాకిప్పటికీ తెలియదు.

"మంచోడే వదినా," అంది అత్త ప్యాకెట్ ముడి వేస్తూ. "ఎవులికి తగిన మాట ఆళ్లకి సెప్తాడు."

అమ్మ అవునవునని తలాడించి నా దగ్గరకి వచ్చింది. పళ్లెంలో ముక్కల వైపు చూసింది.

"ఇవి ఎవులు సేసినవే?"

"నేనూ అత్తా."

"పసుపు నీళ్లూ..."

"పడలేదమ్మా. తిను."

అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని ముక్క నోట్లో పెట్టుకుంది. మా ఇంటి జీడి ఆవిడ తినడం అదే మొదలు. నెమ్మదిగా నమిలింది. మొహం విప్పారింది.

"ఓలమ్మ! ఎంత బాగొచ్చిందే! రాదు, నా సేతికి రాదని ఏడ్సీదానివి కదే." గట్టిగానే అంది, మావకి కూడా వినపడేలా. "అన్నయ్యగారే నేర్పించుంటారు. ఎన్నాళ్లు పట్టిందేటి?"

కొక్కెం దగ్గర ధనరాజ్ చేతులు ఆగిపోయాయి. మావ ఇటు తిరిగాడు. అద్దాల వెనక ఏముందో కనపడలేదు. అంతా చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ పెదాల మీద నువ్వుగింజ అంటుకుని ఉంది. ఆవిడ అంత తృప్తిగా నవ్వడం నా పెళ్లయ్యాక నేను చూడలేదు.

"తొమ్మిదేళ్లు పట్టిందమ్మా," అన్నాను.

"ఎంత ఓపికో తండ్రీ," అంది అమ్మ, మావ వైపు తిరిగి మళ్లీ చేతులు జోడిస్తూ.